పాత బండి ఏసీ: లోపం ఎక్కడుందో పట్టుకోవడం

పాత వాహనంలో ఏసీ చల్లదనం తగ్గితే పుత్తూరులోనైనా తిరుపతిలోనైనా మొదట వినిపించే మాట "గ్యాస్ అయిపోయింది" అనే. పెట్రోలు ఖర్చయినట్టు ఏసీ గ్యాస్ ఖర్చయ్యేది కాదు. బిగుతుగా మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్న మాట. గ్యాస్ చుక్క తగ్గకపోయినా చల్లదనం పోయే సందర్భాలూ చాలా ఉంటాయి. ఎండ తీవ్రంగా ఉండే ఈ ప్రాంతంలో వాటిలో పెద్దది, బండి లోపలి వేడిని బయట పారబోయాల్సిన కండెన్సర్‌కు సరిపడా గాలి అందకపోవడం.

పుత్తూరు చెన్నై-తిరుపతి రోడ్డు మీది పట్టణం. చిత్తూరు జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు. తిరుమల యాత్రికుల ట్యాక్సీలు రోజంతా ఈ దారిన నడుస్తాయి. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం కార్లలో వస్తారు. కాలు కదపలేని మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టి, వంతు వచ్చేదాకా ఇంజను ఆపకుండా ఏసీ వేసి ఉంచుతారు. హైవే మీద చల్లగా వచ్చిన బండి అక్కడ నిలబడ్డ పావుగంటకే వేడిగాలి కొడుతుంది. పాత బండి ఏసీకి ఇంతకు మించిన పరీక్ష లేదు, ఎందుకో కింద చూద్దాం.

కొంత చరిత్ర

కారుకు ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించి అమ్మిన మొదటి సంస్థ అమెరికాకు చెందిన ప్యాకార్డ్, 1939లో 1940 మోడల్ కోసం. అందులో గ్యాస్‌ను నొక్కే కంప్రెసర్‌ను బెల్టు నుంచి విడదీసే క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే బండి ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. మన దగ్గర చాలాకాలం అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లకు ఏసీ అంటే డ్యాష్‌బోర్డు కింద వేలాడదీసిన పెట్టె. కారు కొన్నాక విడిగా కొని బిగించుకునేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. 1985లో డెన్సో, సుజుకీల సహకారంతో సుబ్రోస్ సంస్థ కార్ల ఏసీలు తయారు చేయడానికి ఏర్పడింది. ఆ తర్వాత ఏసీ మధ్యతరగతి కార్లకూ అలవాటైంది. 1998లో శ్రీపెరుంబుదూరు దగ్గరి ఫ్యాక్టరీ నుంచి శాంత్రో, 2000లో టొయోటా క్వాలిస్ వచ్చాయి. ముందూ వెనకా రెండు కూలింగ్ కాయిల్స్ ఉన్న క్వాలిస్ యాత్రికుల ట్యాక్సీలకు బాగా కుదిరింది. ఆ తరం బండ్లలో ఇంకా తిరుగుతున్నవే ఈ వ్యాసానికి విషయం.

పనిచేసే తీరు

బెల్టుతో తిరిగే కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కి వేడెక్కించి, రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లోకి తోస్తుంది. అక్కడ గాలి తగిలి, వేడి వదిలి, గ్యాస్ ద్రవమవుతుంది. డ్రయ్యర్ బాటిల్ ఆ ద్రవంలోని తేమను, మురికిని పట్టుకుంటుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నటి రంధ్రం గుండా దాన్ని డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లోకి చిమ్ముతుంది. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోవడంతో ద్రవం మరిగి ఆవిరవుతూ, కాయిల్ మీదుగా బ్లోయర్ తోసే గాలిలోని వేడిని లాగేస్తుంది. ఆవిరి తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది. కంప్రెసర్ నుంచి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాకా హై సైడ్, అక్కడి నుంచి మళ్లీ కంప్రెసర్ దాకా లో సైడ్. గ్యాస్‌తో పాటు కొంత ఆయిల్ కూడా తిరుగుతుంది. కంప్రెసర్ ప్రాణం ఆ ఆయిలే.

నిలబడితే వేడి, కదిలితే చల్లన

బండి పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గరో రైల్వే గేటు దగ్గరో ఆగగానే చల్లదనం పోతే, అనుమానం ముందు కండెన్సర్ మీద, దాని ఫ్యాను మీద పడాలి. పరుగులో గాలి దానంతట అదే దూసుకొస్తుంది. నిలబడితే ఫ్యానే దిక్కు.

ఈ బండ్లలో వాడే ఆర్-134ఏ గ్యాస్ 60 డిగ్రీల దగ్గర ద్రవంగా మారాలంటే హై సైడ్‌లో సుమారు 230 పీఎస్ఐ ఒత్తిడి ఉండాలి, 70 డిగ్రీలైతే 290 పీఎస్ఐ. బయట 40 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు మంచి కండెన్సర్ 60 దగ్గర నెట్టుకొస్తుంది. ఫ్యాను నీరసిస్తే 70 దాటుతుంది. ఒత్తిడి ఇంకా పెరిగితే ప్రెజర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. చాలా బండ్లలో ఆ హద్దు 450 పీఎస్ఐ ప్రాంతంలో ఉంటుంది. అంతదాకా పోకముందే ఇంజను వేడి ముల్లు పైకి లేస్తుంది.

దీన్ని తేల్చే పరీక్షకు ఖర్చు ఒక చెంబు నీళ్లు. బండిని నీడలో నిలిపి, ఏసీ పూర్తిగా పెట్టి, హై సైడ్‌కు గేజ్ తగిలించి, గ్రిల్ సందుల్లోంచి కండెన్సర్ మీద నీళ్లు పోయాలి. నీళ్లు తాకగానే ఆవిరి లేస్తుంది, 300 దగ్గరున్న ముల్లు చూస్తుండగానే 220కి దిగుతుంది, లోపల గాలి చల్లబడుతుంది. అలా జరిగితే గ్యాస్ ఉంది, కంప్రెసర్ బాగుంది, గాలే తక్కువైంది. గేజ్ లేకపోయినా లోపలి గాలి మార్పు చేతికి తెలుస్తుంది. మెకానిక్ గ్యాస్ డబ్బా తీయకముందే బండి యజమాని ఈ పరీక్ష అడిగి చేయించుకోవడం మంచిది.

గాలి ఎందుకు తగ్గుతుందో చూస్తే, కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము, పురుగులు, ఎండుటాకులు గట్టిగా అతుక్కుని ఉంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. అసలు మురికి కండెన్సర్‌కు, వెనకున్న రేడియేటర్‌కు మధ్య సందులో చేరుతుంది. రెండింటినీ విడదీసి లోపలి నుంచి బయటికి నీళ్లు కొట్టాలి. వాటర్ సర్వీసు గన్‌ను దగ్గర పెట్టి కొడితే రెక్కలు వంగిపోయి ఉన్న గాలి కూడా ఆగుతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాను ఉన్న మారుతి 800 వంటి కార్లలో మోటారు బ్రష్‌లు అరిగి ఫ్యాను తిరుగుతూనే నెమ్మదిస్తుంది. తిరుగుతోంది కదా అని వదిలేయకూడదు. ఎవరో వైర్లు తారుమారు చేసి బిగించడంతో ఫ్యాను వెనక్కి తిరిగే బండ్లు కూడా ఉంటాయి. గ్రిల్ ముందు కాగితం పెడితే అది లోపలికి అతుక్కోవాలి, ఎగిరిపోతే ఫ్యాను ఎదురు తిరుగుతున్నట్టే. ఇంజనుతో పాటే తిరిగే ఫ్యాను ఉన్న పాత డీజిల్ బండ్లలో ఫ్యానును ఇంజనుకు కలిపే విస్కస్ క్లచ్ జారుతుంది. ఫ్యాను చుట్టూ ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు విరిగి ఉంటే గాలి కండెన్సర్ గుండా రాకుండా పక్కల నుంచి వచ్చేస్తుంది. ఏదో మరమ్మతుకు ఆ తొడుగు విప్పి, మళ్లీ బిగించకుండా షెడ్డులోనే వదిలేసి రావడం పాత బండ్లకు మామూలు జబ్బు.

తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడూ ఇదే సమస్య మరో రూపంలో వస్తుంది. బండి వేగం తక్కువ, ఇంజను మీద భారం ఎక్కువ, ముందు నుంచి వచ్చే గాలి తక్కువ. మారుతి 800లోని 796 సీసీ ఇంజనుకు నలుగురిని మోస్తూ కంప్రెసర్‌ను కూడా తిప్పడం బరువే. వేడి ముల్లు పైకి పోతుంటే మలుపులు దాటేదాకా ఏసీ ఆపడమే తెలివైన పని. పాత డ్రైవర్లు చేసేదీ అదే.

గ్యాస్ కారే చోట్లు

గ్యాస్ తగ్గిన బండిలో చల్లదనం నెలలమీద మెల్లగా పోతుంది. కంప్రెసర్ క్లచ్ టక్‌మని పడుతూ, నాలుగైదు సెకన్లకే వదులుతూ ఉంటుంది. లో సైడ్ ఒత్తిడి పడిపోగానే స్విచ్ ఆపేస్తుంది, మళ్లీ పెరగగానే పట్టిస్తుంది.

కారిన చోటు దొరకాలంటే ఆయిల్ జాడ వెతకాలి. గ్యాస్ కంటికి కనబడదు. దానితో పాటు బయటపడే ఆయిల్ తడికి రోడ్డు దుమ్ము పట్టి, పైపు జాయింటు చుట్టూ నల్లటి జిడ్డు వలయం కడుతుంది. అక్కడ సబ్బు నురగ పూస్తే బుడగలు లేస్తాయి. కంప్రెసర్ ముందు షాఫ్ట్ సీలు కారితే గుర్తు ఇంకో చోట ఉంటుంది: తిరిగే క్లచ్ ఆయిల్‌ను విసిరికొట్టడంతో దానికి సరిగ్గా ఎదురుగా బానెట్ లోపలి వైపున సన్నటి జిడ్డు గీత పడుతుంది. ఏసీ నెలల తరబడి వేయకుండా వదిలేస్తే ఈ సీలు ఎండి బీటలు వారుతుంది. డిసెంబరు వానల్లో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయమని చెప్పేది అందుకే.

చార్జింగ్ పోర్టులోని పిన్ వాల్వ్, ఓ-రింగులు తేలికైన చోట్లు, తక్కువ ఖర్చుతో పోతాయి. గట్టిపడి పగుళ్లిచ్చిన రబ్బరు హోసులు ఆ తర్వాత. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది కూలింగ్ కాయిల్. డ్యాష్‌బోర్డు లోపల చీకట్లో, ఎప్పుడూ తడిగా, మట్టి పట్టి ఉంటుంది. పాత కార్లలో చాలావాటికి క్యాబిన్ ఫిల్టర్ లేదు కాబట్టి వేపాకులు, దుమ్ము నేరుగా దాని మీదికే చేరతాయి. అల్యూమినియం చివికి సూదిమొన అంత రంధ్రం పడుతుంది. సబ్బు నురగ అక్కడికి చేరదు. గ్యాస్‌లో కలిపే రంగు ద్రావణం వేసి, కొన్ని రోజులు నడిపి, అతినీలలోహిత టార్చి వేసి, కాయిల్ నీళ్లు బయటికి పోయే గొట్టం చివర చూస్తే పచ్చగా మెరుస్తుంది. లేదా వ్యవస్థ మొత్తాన్ని నైట్రోజన్‌తో నింపి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడాలి. ఈ పరీక్షకు ఆక్సిజన్ సిలిండర్ వాడటం ప్రాణాంతకం, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు ఆయిల్ తగిలితే పేలుతుంది.

లీకు మూయకుండా గ్యాస్ మాత్రమే నింపించుకుంటే మళ్లీ వేసవికి అదే కథ. ప్రతిసారీ ఎంత ఆయిల్ పోయిందో ఎవరూ లెక్క చూడరు కాబట్టి మూడో నాలుగో సారికి కంప్రెసర్ ఎండిపోయి పట్టేస్తుంది. వందల్లో పోయేది వేలల్లోకి వెళుతుంది.

లీకు మూశాక గ్యాస్ ఎక్కించే ముందు వాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి. లోపలి గాలిని తీసేయడం ఒక పని. ఒత్తిడి బాగా తగ్గితే తేమ మామూలు ఉష్ణోగ్రతకే మరిగి బయటికి పోతుంది, ఇది రెండో పని. పంపు ఆపాక ముల్లు కదలకుండా నిలవాలి. హడావుడి షెడ్డుల్లో ఈ అరగంటే ఎగ్గొడతారు. లోపల మిగిలిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ రంధ్రం దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది. బండి ఇరవై నిమిషాలు చల్లగా నడిచి ఆగిపోతుంది, కాసేపు ఆపి వేస్తే మళ్లీ పనిచేస్తుంది.

ఎక్కించే గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి. ఎంత పట్టాలో బానెట్ కింది స్టిక్కర్ మీద గ్రాముల్లో ఉంటుంది. చిన్న కార్లకు సుమారు అరకిలో. చల్లదనం పెరుగుతుందని ఇంకొంచెం ఎక్కిస్తే జరిగేది దానికి వ్యతిరేకమే: కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి, వేడి వదలడానికి చోటు తగ్గి, హై సైడ్ ఒత్తిడి ఎగబాకుతుంది.

ఆర్-12 నుంచి ఆర్-134ఏకి

పాత తరం కార్లలో ఆర్-12 గ్యాస్ ఉండేది. దానిలోని క్లోరిన్ ఓజోన్ పొరను తినేస్తుందని తేలడంతో 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారత్ 1992లో చేరింది. 2000లో వచ్చిన ఓజోన్ నిబంధనల ప్రకారం 2003 జనవరి 1 తర్వాత కొత్త కార్ల ఏసీల తయారీలో ఈ గ్యాస్ వాడకూడదు. ఓజోన్‌కు హాని చేయని ఆర్-134ఏ దాని స్థానంలోకి వచ్చింది.

పాత అంబాసిడర్‌ను, తొలినాటి మారుతిని ముద్దుగా దాచుకున్నవాళ్లు గ్యాస్ మార్పించక తప్పదు. సీసా మార్చినంత మాత్రాన పని కాదు. ఆర్-12తో తిరిగే మినరల్ ఆయిల్ ఆర్-134ఏలో కరగదు, కంప్రెసర్‌కు తిరిగి రాదు. పాత ఆయిల్ తీసి ఎస్టర్ ఆయిల్ పోయాలి. పాత ఓ-రింగుల బదులు కొత్త గ్యాస్‌కు తగిన ఆకుపచ్చ రింగులు, కొత్త డ్రయ్యర్ వేయాలి. గ్యాస్ పాత తూకంలో 80 నుంచి 90 శాతమే ఎక్కించాలి. పాత డ్రయ్యర్ మీది గాజు కంటిలో బుడగలు పోయేదాకా ఎక్కించడం ఆర్-12 కాలపు అలవాటు. గ్యాస్ మార్చిన బండిలో బుడగలు పోవు, వాటిని నమ్మితే గ్యాస్ ఎక్కువవుతుంది.

అన్నీ సరిగా చేసినా గ్యాస్ మార్చిన కారు ఊటీలో బాగుండి పుత్తూరులో తేలిపోతుంది. సున్నా డిగ్రీల దగ్గర రెండు గ్యాసుల ఒత్తిడీ దాదాపు సమానం. 60 డిగ్రీల దగ్గర ఆర్-12కు సుమారు 207 పీఎస్ఐ చాలితే, ఆర్-134ఏకు 230 కావాలి. ఆర్-12 కోసం చేసిన పాత కండెన్సర్ ఆ అదనపు భారాన్ని మోయలేదు. అందుకే ఇక్కడ గ్యాస్ మార్పిడితో పాటు పెద్ద కండెన్సర్, గట్టి ఫ్యాను కూడా లెక్కలో వేసుకోవాలి. అది చెప్పకుండా చేసే మార్పిడి సగం పనే.

చవక గ్యాస్ డబ్బాల సంగతి వేరు. వంట గ్యాస్ జాతి వాయువులు కలిపినవి చల్లదనమైతే ఇస్తాయి, కూలింగ్ కాయిల్ లీకైతే మాత్రం మండే వాయువు మనుషులు కూర్చున్న చోటే చేరుతుంది. ఆర్-40 అనే వాయువు కలిపిన నకిలీ ఆర్-134ఏ అల్యూమినియంతో చర్య జరిపి 2011లో ఓడల్లో సరుకు పంపే శీతల కంటైనర్లను పేల్చి మనుషుల్ని చంపింది. ఎక్కడ సర్వీసు చేశారని ఆరా తీస్తే తీగ వియత్నాంలో దొరికింది.

గేజ్ ముళ్లు చెప్పేది

ఇంజను ఆపి, బండి చల్లారాక రెండు ముళ్లూ ఒకే చోట నిలవాలి. ఆర్-134ఏకు 30 డిగ్రీల వాతావరణంలో అది సుమారు 97 పీఎస్ఐ. అంతకన్నా బాగా తక్కువైతే లోపల ద్రవ రూపంలో గ్యాస్ మిగల్లేదు. ఎక్కువైతే గాలి కలిసింది. అంత ఉన్నంత మాత్రాన తూకం సరిపోయినట్టు కాదు, కాస్త ద్రవం మిగిలి ఉన్నా అదే అంకె చూపిస్తుంది.

నడిచేటప్పుడు లో సైడ్ 25 నుంచి 45 మధ్య ఉంటే మామూలు. రెండు వైపులా తక్కువైతే గ్యాస్ కొరత. రెండు వైపులా ఎక్కువైతే కండెన్సర్‌కు గాలి లేదు, లేదా గ్యాస్ ఎక్కువైంది, లేదా గాలి కలిసింది. పైన చెప్పిన చెంబు నీళ్ల పరీక్ష ఇక్కడ మొదటిదాన్ని విడదీస్తుంది. లో సైడ్ ఎక్కువై, హై సైడ్ లేవకపోతే కంప్రెసర్ లోపల అరిగింది. లో సైడ్ శూన్యం వైపు దిగజారుతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోయింది. డ్రయ్యర్ మూసుకుపోతే ఒక పైపు వేడిగా, రెండో పైపు చల్లగా చేతికే తెలుస్తుంది.

కరెంటు, గాలి దారులు

కంప్రెసర్ అసలు పట్టకపోతే ఫ్యూజు, రిలే, ప్రెజర్ స్విచ్, క్లచ్ వైరు వరసగా చూడాలి. పొద్దున పట్టి మధ్యాహ్నం వదిలే కంప్రెసర్‌ది వేరే జబ్బు. క్లచ్ పలక అరిగి, పుల్లీకీ దానికీ మధ్య సందు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు అయస్కాంతం ఎలాగో లాగుతుంది. ఎండకు కాయిల్ వేడెక్కి కరెంటు తగ్గాక ఆ దూరం లాగలేదు. కదలని క్లచ్ పలకను కర్ర మొనతో దూరం నుంచి నెమ్మదిగా తోస్తే పట్టుకుంటే జబ్బు అదే, చేత్తో మాత్రం ముట్టకూడదు. పలక వెనక ఉండే పలుచని వాషర్ ఒకటి తీసి సందు సరిచేస్తే సరిపోతుంది. తెలియక కంప్రెసరే మార్పించుకున్నవాళ్లు చాలామంది ఉంటారు.

బ్లోయర్ చివరి స్పీడులో మాత్రమే తిరిగితే రెసిస్టర్ కాలింది. గంటసేపు బాగా చల్లబడి, తర్వాత గాలి సన్నబడి, పది నిమిషాలు ఆపితే మళ్లీ వస్తే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది, దాని పక్కనున్న థర్మోస్టాట్ పనిచేయడం లేదు. పక్క సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిస్తే నీళ్లు పోయే గొట్టం మూసుకుంది. గేజ్ అంకెలన్నీ సరిగా ఉండి గాలి మాత్రం గోరువెచ్చగా వస్తే హీటర్‌కు వేడినీళ్లు వదిలే కాక్ పూర్తిగా మూసుకోవడం లేదు. మన ఎండలో హీటర్ ఎప్పుడూ వాడం కాబట్టి, ఆ కాక్ తుప్పు పట్టి సగంలో బిగుసుకుపోయిన సంగతే ఎవరికీ గుర్తుకు రాదు.

కంప్రెసర్ మార్చేటప్పుడు

పాత మోడళ్లకు విడిభాగాలు చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనో, వాడిన సరుకైతే పుదుపేటలోనో వెతుక్కునేవాళ్లే ఎక్కువ. పట్టేసిన కంప్రెసర్ లోపలి నుంచి లోహపు పొడి కండెన్సర్ నిండా చేరి ఉంటుంది. దాన్ని కడగకుండా, డ్రయ్యర్ మార్చకుండా కంప్రెసర్ ఒక్కటే వేస్తే ఆ పొడి కొత్తదాన్నీ తినేస్తుంది. వాడిన కంప్రెసర్ కొంటే అందులోని ఆయిల్ పూర్తిగా వంచేసి కొత్తది కొలిచి పోయాలి, ఎందుకంటే అది ఏ గ్యాస్‌తో తిరిగిందో అమ్మేవాడికీ తెలియదు.

లారీల విషయానికొస్తే, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ సరుకు లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. అంతకుముందు వచ్చిన లారీలకు విడిగా బిగించుకునేవారు ఫ్యాను, కండెన్సర్ సంగతి పైన చెప్పిన లెక్కతోనే చూసుకోవాలి.

చివరిగా కొన్ని జాగ్రత్తలు. ద్రవరూపంలోని గ్యాస్ చర్మానికి తగిలితే చల్లదనానికే కాలుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది, కాబట్టి కళ్లద్దాలు లేకుండా జాయింటు విప్పకూడదు. గ్యాస్ ఉన్న పైపు దగ్గర వెల్డింగ్ మంట పెడితే విషవాయువులు పుడతాయి. నిలిపిన బండిలో అద్దాలు మూసి, ఇంజను ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని నిద్రపోవడం అన్నిటికన్నా ప్రమాదం. పాత బండి సైలెన్సర్ పైపుకు చిల్లి ఉంటే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. ఏసీ ఎంత బాగున్నా ఆ నిద్ర పనికిరాదు.